మడిచీరా, చీనా సూదీ

దసరా దాటిన వారానికి కోమలవల్లి కుడిచెయ్యి మొరాయించింది. రొమ్ము ఎత్తు దాకా బుద్ధిగానే లేచేది. అక్కడ ఎవరో లోపలినుంచి గడియ పెట్టినట్టు ఆగిపోయేది. బలవంతం చేస్తే భుజంలో ప్రాణం పోయేంత పోటు. కొంగు నెత్తిమీదికి సర్దుకోవాలంటే తలే చేతి దగ్గరికి వంగి రావలసి వచ్చేది.

ఇంకొకరికైతే ఇది ఒట్టి చెయ్యినొప్పి. కోమలవల్లికి మాత్రం బతుకుతెరువంత పెద్దది, నిజానికి అంతకన్నా పెద్దది. దబీర్‌పురా సందులో ఉన్న వరదరాజస్వామి గుడిలో స్వామికి నైవేద్యం వండేది ఆమె. గుడి చిన్నది, వచ్చేవాళ్లు తక్కువ, రాబడి అంతకన్నా తక్కువ. పూజ మరిది రామానుజానిది, వంట ఆమెది. భర్త పోయాక ఈ లోకంలో ఆమెకంటూ మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు కంచి దగ్గరెక్కడో ఉన్నారని వినికిడి.

దేవుడి వంట అంటే మాటలు కాదు. తెల్లవారకముందే బావిలోంచి తన నీళ్లు తానే తోడుకోవాలి. తలమీదుగా పోసుకోవాలి. ఎవరూ ముట్టకుండా ఆరిన మడిచీర కట్టుకుని గుడి వంటగదిలోకి వెళ్లాలి. వండింది స్వామి ముందు పెట్టేదాకా మనిషిని మనిషి తాకకూడదు. చెయ్యి లేవకపోతే చేద లేవదు, చేద లేవకపోతే పొయ్యి వెలగదు.

మిగతావాళ్ల మడి మధ్యాహ్నానికి విడుస్తుంది. కోమలవల్లి మడి విడిచేది కాదు. విడిచి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎవరిని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి? మొదట్లో పొద్దున్న పూట మాత్రమే ఉండే మడి మెల్లమెల్లగా సాయంత్రానికీ, రాత్రికీ పాకింది. ఆమె సందులో నడిచి వస్తుంటే ఆడుకుంటున్న పిల్లలు కూడా ఆట ఆపి గోడకు అంటుకుపోయేవాళ్లు. అది గౌరవమనే ఆమె అనుకునేది. అలా అనుకోకపోతే రోజు గడవడం కష్టం.

చెయ్యి పడిపోయినప్పటినుంచి రామానుజం భార్య పద్మజ వండుతోంది. కార్తీకం చివర్లో ఒకరోజు రామానుజం వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. మనిషి మంచివాడు. చెప్పడానికి మొహమాటపడుతున్నాడు.

"వదినె, ధనుర్మాసం దగ్గరికొచ్చింది. నెలంతా చీకటితోనే పొంగలి పెట్టాలె. నీ చెయ్యి చూస్తే గిట్లున్నది. ఇగ పద్మజకే అప్పజెప్పుదామనుకుంటున్న. నువ్వు కూర్చొని ఎట్ల చెయ్యాల్నో చెప్పు, చాలు."

"ధనుర్మాసం లోపల నయమైతే?"

"అయితే మంచిదేనాయె. నువ్వే వండు. కాకపోతే మాత్రం ఇగ నీకు ఈ తిప్పలెందుకు, వదినె? ఆరాంగ ఉండు."

ఆరాంగా ఉండటం! వెనక గదిలో కూర్చుని, ఎవరో వండి పెట్టిన రెండు ముద్దలు తిని, ఎప్పుడు చీకటి పడుతుందా అని చూసే ఆడవాళ్లను కోమలవల్లి ఎరుగును. వాళ్లందరూ ఆరాంగానే ఉన్నారు. ఒకసారి చేజారిన పొయ్యి మళ్లీ రాదని ఆమెకు తెలుసు.

దవాఖానాకు వెళ్లింది. డాక్టరు ఎముకల పటం చూపించి, భుజం గూడ బిగుసుకుపోయిందని, ఏడాదికో ఏడాదిన్నరకో దానంతట అదే వదులుతుందని చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. ధనుర్మాసం ఏడాదిన్నర ఆగదు కదా.

గుడికి పూలూ తులసీ తెచ్చే కాశమ్మ ఇదంతా కనిపెడుతూనే ఉంది. ఒకరోజు బుట్ట అరుగు మీద పెట్టి కదలకుండా నిలబడింది.

"అమ్మా, ఒక మాట చెప్త, కోపం చెయ్యొద్దు. మా ఇంటాయన అంజన్నకు నిరుడు నడుం పట్టుకొని మంచం దిగలే. రైల్వే నౌకరీ పోతదని మస్తు ఫికరైంది. ఉస్మాన్‌గంజ్‌ల బెల్లం దుకాణం మీద చీనాయన పండ్లు పీకుతడు చూడు, ఆయన పెండ్లాం సూదులు గుచ్చుతది. గోలీ లేదు, కషాయం లేదు, ఉత్త సూదులే. ఇప్పుడు మా ఆయన పట్టాల మీద ఉరుకుతుండు."

"సూదులు గుచ్చితే నొప్పి ఎట్ల పోతది కాశమ్మా? ఇంకా ఎక్కువైతది గాని."

"ఎట్ల పోతదో నాకేమెరుక? పోయిందని చెప్తున్న."

మర్నాడు మధ్యాహ్నం కాశమ్మ నాలుగడుగులు వెనకగా నడుస్తుంటే, కోమలవల్లి నయాపూల్ దాటి ఉస్మాన్‌గంజ్ చేరింది.

మెట్లెక్కుతుంటే కింది దుకాణంలోని బెల్లం వాసన మేడదాకా వచ్చింది. బయట గదిలో చీనా డాక్టరు ఎవరి నోట్లోనో తల దూర్చి ఉన్నాడు. లోపలి గదిలో, తెర వెనక, ఆయన భార్య. బజారంతా ఆమెను చీనీ అమ్మ అంటారు. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. వయసు కోమలవల్లిదే అయి ఉంటుంది. ఆమె వచ్చిన పేషెంటును ఏమీ అడగలేదు. స్టూలు చూపించి, తను ఎదురుగా కూర్చుని, చటుక్కున ఆమె మణికట్టు పట్టుకుంది.

కోమలవల్లి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. చీనీ అమ్మ వదలలేదు. మూడు వేళ్లు నాడి మీద ఆనించి, కళ్లు మూసుకుని ఉండిపోయింది. తర్వాత రెండో చెయ్యి. మన వైద్యులూ నాడి చూస్తారు, ముట్టీముట్టనట్టు. ఈమె అలా కాదు. అక్కడ ఏదో మాట్లాడుతున్నట్టూ తను వింటున్నట్టూ చాలాసేపు పట్టుకుంది. కోమలవల్లి రెండు మణికట్లనూ ఆఖరున పట్టుకున్నది గాజులు పగలగొట్టిన ఆడవాళ్లు. ఆ తర్వాత వీటిని ఎవరూ ముట్టుకోలేదు.

సూదులు వెంట్రుకంత సన్నగా ఉన్నాయి. ఒకటి తీసి స్పిరిటు దూదితో తుడిచి, మోకాలి కింద పిక్క పక్కన దించింది. నొప్పి భుజానికి, సూది కాలికి! తెర సందులోంచి చూస్తున్న కాశమ్మ కూడా నోరు తెరిచింది. చీమ కుట్టినంతే, తర్వాత ఒక బరువులాంటిది కాల్లోంచి పైకి పాకింది. చీనీ అమ్మ సూదిని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ, "హాథ్ ఉఠావ్" అంది.

కోమలవల్లి చెయ్యి ఎత్తింది. అది రొమ్ము దాటింది, గడ్డం దాటింది, ముక్కు దాకా వచ్చి ఆగింది.

తర్వాత భుజంలో నాలుగు సూదులు. ఏదో ఎండుటాకుల చుట్ట వెలిగించి ఆ సెగ గూడకు దగ్గరగా పట్టింది. చివర సూదులు తీసేసి, అరచేత్తో భుజమంతా మెల్లగా రాసి చెప్పింది. "ఠండా పానీ నక్కో. ఆజ్ నక్కో, కల్ భీ నక్కో."

ఇవాళా రేపూ చన్నీళ్లు వద్దన్న మాటకు కోమలవల్లి తల ఊపింది. ఇంటికి వచ్చి, పద్మజ తోడిపెట్టిన గంగాళంలోంచి ఎడంచేత్తో చన్నీళ్లు తీసి, కట్టుచీరతో సహా తలమీదుగా పోసుకుంది. పోసుకోక ఏం చేస్తుంది? ఏ కులమో ఏ మతమో తెలియని మనిషి ఒళ్లంతా ముట్టుకుంది. ఆ మైలతో తన గదిలో అడుగు పెట్టడం ఎలా, తన కుండ ముట్టుకోవడం ఎలా? ఆ స్నానం చెయ్యాలా వద్దా అన్న ఆలోచన కూడా ఆమెకు రాలేదు. మార్గశిరపు చలి, బావినీళ్లు. పొద్దున లేచేసరికి చెయ్యి మళ్లీ రొమ్ము దగ్గరే ఆగింది.

మళ్లీ వెళ్లింది. మళ్లీ చెయ్యి లేచింది. మళ్లీ వచ్చి నీళ్లు పోసుకుంది. మళ్లీ బిగిసింది. ఇలా కొన్నిసార్లు జరిగింది. అక్కడ వదిలిన గూడను ఇక్కడ తనే బిగించుకుంటున్నానని ఆమెకు లోలోపల తెలియకపోలేదు. అయినా ఆ మెట్లెక్కడం మానలేదు. మానకపోవడానికి చెయ్యి ఒక్కటే కారణం కాదని ఒప్పుకోవడానికి మాత్రం ఆమెకు ధైర్యం లేదు. మణికట్టు మీద ఆ మూడు వేళ్లు పడే క్షణం కోసం ఆమె పొద్దుటినుంచీ ఎదురుచూసేది.

చీనీ అమ్మ పేరు ఆఫూన్ అని ఈ రాకపోకల్లోనే తెలిసింది. ఇద్దరికీ వచ్చిన ఉర్దూ బజారులో కూరలు కొనుక్కోవడానికి సరిపోయేంత. ఆ కాస్తలోనే ఆఫూన్ కొన్ని చెప్పింది. సూదులు అమ్మ నేర్పింది. అమ్మ ఊరు సముద్రం అవతల. ఉత్తరాలు రావడం ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇక్కడ పక్కింటివాళ్లు పళ్లనొప్పి వస్తే వస్తారు, తగ్గితే రారు. "తుమ్ ఆతే, అచ్ఛా లగ్తా" అంది ఒకరోజు సూదులు తుడుస్తూ, నువ్వొస్తే బావుంటుందని.

ధనుర్మాసం ఇంకో పది పన్నెండు రోజులుందనగా ఆఫూన్ చెయ్యి ఎత్తించి చూసి, సూదిపెట్టె మూసేసింది. ఆమె ముఖం చిన్నబోయింది.

"మేరా హాథ్ ఖరాబ్ హో గయా" అంది. "సబ్‌కో ఫాయిదా హోతా. తుమ్‌కో నై. మై భూల్ గయీ, అమ్మా కా కామ్."

అందరికీ నయమవుతుంటే కోమలవల్లికి కాలేదని, తల్లి నేర్పిన పని మర్చిపోయానని ఆమె బాధపడుతోంది. కోమలవల్లి తట్టుకోలేకపోయింది. తన తప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంటే నోరుమూసుకుని కూర్చునే మనిషి కాదు ఆమె. ప్రతిసారీ ఇంటికెళ్లి తలమీద నీళ్లు పోసుకుంటున్న సంగతి బయటపెట్టింది.

"నై, నై. తుమారా హాథ్ అచ్ఛా. మై పానీ డాల్‌లేతీ. సర్ పే. హర్ బార్, ఘర్ జాకే."

"క్యూఁ? బోలీ నా మై, ఠండా పానీ నక్కో!"

మడిని బజారు ఉర్దూలో ఎలా చెప్పాలి? కోమలవల్లి చాలాసేపు వెతుక్కుంది. చివరికి చిన్న గొంతుతో ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తుమ్ ఛూతే నా... ఇస్‌లియే."

నువ్వు ముట్టుకుంటావు కదా, అందుకని. ఆఫూన్ తన వేళ్ల వైపు చూసుకుంది. ఒకసారి తిప్పి అరచేతులు చూసుకుంది. శుభ్రంగానే ఉన్నాయి, స్పిరిటు వాసన వస్తున్నాయి. ఆమెకు కోపం వచ్చి ఉంటే ఎంతో బావుండేది. రాలేదు. పెట్టె మళ్లీ తెరిచి, రోగికి పథ్యం చెప్పినట్టు నింపాదిగా చెప్పింది.

"నహానా హై తో ఆనా నక్కో. ఆనా హై తో నహానా నక్కో."

స్నానం కావాలంటే రావద్దు, రావాలంటే స్నానం వద్దు. ఇంత తేటగా కోమలవల్లికి ఏ ఆచార్యుడూ ధర్మం చెప్పలేదు. ఆమె సూది కోసం మోకాలి మీదికి చీర జరుపుకుంది.

ఆ సాయంత్రం బావి దగ్గర ఆగకుండా గదిలోకి వెళ్లింది. పద్మజ గంగాళం నింపి ఎదురుచూస్తోంది.

"అక్కా, నీళ్లు?"

"వద్దు పద్మజా. చెయ్యి బాగుపడేదాక నేను మైలగానే ఉంట. నా కుండలు ముట్టుకోను. నాకింత అటుకులూ పాలూ గుమ్మం కాడ పెట్టు, చాలు."

చాప వేసుకుని పడుకుంది. భుజం మీద ఆ ఆకుల పొగ వాసన, ఆ అరచేతి వెచ్చదనం అలాగే ఉన్నాయి. కడుక్కోలేదు కాబట్టి ఉన్నాయి. ఎన్నో ఏళ్లకు ఒక మనిషి తాకిన తాకిడి ఆమె ఒంటి మీద తెల్లవార్లూ నిలిచింది. ఆమెకు ఏడుపొచ్చింది. తప్పు చేస్తున్నానని భయమేసింది. అంత భయంలోనూ ఎంతో హాయిగా ఉంది, అందుకు ఇంకా సిగ్గేసింది. నిద్రలో ఎప్పుడో ఎడమచెయ్యి వెళ్లి కుడిభుజాన్ని కప్పుకుంది.

ఆ తర్వాత గూడ తొందరగానే దారికి వచ్చింది. సూది పనిచేసిందా, సెగ పనిచేసిందా, డాక్టరు చెప్పిన కాలమే ముందుగా వచ్చిందా అని వాదించుకునేవాళ్లు తీరిగ్గా వాదించుకోవచ్చు. కోమలవల్లికి కావలసింది చేద. ధనుర్మాసానికి ముందురోజు బావి దగ్గరికి వెళ్లి, గిలక మీది తాడు అందుకుని లాగింది. నిండు చేద పైకి వచ్చింది. దూరంనుంచి చూస్తున్న రామానుజం, "వదినె, ఇగ పొంగలి నీదే" అన్నాడు. పద్మజ కూడా సంతోషించింది. చలిలో లేచే బాధ తప్పినందుకని ఎవరైనా అంటే అనొచ్చు గాని, పాపం ఆమె నిజంగానే సంతోషించింది.

తెల్లవారుజామున కోమలవల్లి తలమీదుగా నీళ్లు పోసుకుంది. మైల పోయింది, మడి వచ్చింది. భుజం మీది పొగవాసన కూడా నీళ్లతో పాటే పోయింది. ఆ ఏడాది పొంగలి మునుపెన్నడూ లేనంత బాగా కుదిరిందని అందరూ అన్నారు.

నెల సగం గడిచింది. ఒకరోజు పొద్దున్నే ఆమె పొంగలి గిన్నె ఎడమ చంకన పెట్టుకుని వంటగదిలోంచి గర్భగుడికి వెళ్తోంది. పాశురాలు చదివేవాళ్లు మండపంలో కూర్చున్నారు. వాకిట్లో కాశమ్మ పూలబుట్టతో నిలబడి ఉంది. ఆమె పక్కన ఆఫూన్.

చెయ్యి ఎలా ఉందో చూద్దామని కాశమ్మను దారి అడిగి ఆమె వెంట నడుచుకుంటూ వచ్చిందట. కోమలవల్లి కనబడగానే ఆమె ముఖం విప్పారింది. చెప్పులు విడిచి, గబగబా వాకిలి దాటి, భుజం పట్టి చూడటానికి చెయ్యి చాచింది.

"దూరం! దూరం!"

ఆ అరుపు తనదేనని కోమలవల్లికి అరిచాక తెలిసింది. కుడిచెయ్యి నిటారుగా పైకి లేచి ఉంది, తలను దాటి, వేళ్లన్నీ చాపి. పాశురాలు ఆగిపోయాయి. అందరూ తిరిగి చూశారు.

ఆఫూన్ అక్కడే ఆగింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పైకి లేచిన ఆ చేతిని కింది నుంచి కొస దాకా చూసి, చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఉఠ్ గయా! పూరా ఉఠ్ గయా!" అంటూ నవ్వింది. తర్వాత వెనక్కి వెనక్కి నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని సందు దాటి వెళ్లిపోయింది.

కోమలవల్లి పొంగలి స్వామి ముందు పెట్టింది. ఆ పూట మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటే కళ్లనుంచి నీళ్లు కారాయి. పొగ అని చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. గిన్నె కింద పెట్టి పరుగెత్తి ఉండవలసింది అనుకుంది. ఎలా పెడుతుంది? అది స్వామి పొంగలి. ఆ పొంగలి వండగలిగే చెయ్యి ఆఫూన్ ఇచ్చింది. రెండూ నిజమే. రెంటినీ ఒక్కచోట పెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు.

ధనుర్మాసం అయిపోయిన మర్నాడు విస్తరాకులో చక్కెరపొంగలి కట్టుకుని ఉస్మాన్‌గంజ్ వెళ్లింది. ఒంటరిగా వెళ్లింది. దారిపొడుగునా ఉర్దూ మాటలు కూర్చుకుంది. తప్పయిందని చెప్పాలి. నాడి చూడమని అడగాలి.

ఆఫూన్ సంబరంగా ఎదురొచ్చింది. స్టూలు వేసింది. తన స్టూలు మాత్రం గోడదాకా జరుపుకుని కూర్చుంది.

"హాథ్ ఉఠావ్."

కోమలవల్లి ఎత్తింది.

"బస్. అచ్ఛా హో గయా. అబ్ ఆనే కీ జరూరత్ నై."

నయమైంది, ఇక రానక్కర్లేదు. కోమలవల్లి రెండు చేతులూ ముందుకు చాపింది, నాడి చూడమన్నట్టు మణికట్లు పైకి తిప్పి. "నబ్జ్ నై దేఖ్‌తే?"

ఆఫూన్ ఆ మణికట్ల వైపు ప్రేమగానే చూసింది. చేతులు మాత్రం ఒళ్లోంచి తియ్యలేదు. "నక్కో. మై ఛూయీ తో తుమ్ ఫిర్ నహాతే. బాహర్ సర్దీ హై."

నేను తాకితే నువ్వు మళ్లీ స్నానం చేస్తావు, బయట చలిగా ఉంది. ఎంత శ్రద్ధగా నేర్చుకుందో! వైద్యురాలు కదా, ఒకసారి చెప్పించుకున్నది మర్చిపోదు. పరవాలేదు పట్టుకో, స్నానం చెయ్యనులే అని చెప్పాలని కోమలవల్లి ఎంతో ప్రయత్నించింది. దారంతా కూర్చుకున్న మాటల్లో ఆ మాట లేదు. లేచి పొట్లం విప్పింది.

ఆఫూన్ దగ్గరికి వచ్చి, రెండు చేతులూ దోసిలిగా కలిపి బాగా కిందికి పట్టింది, పైచెయ్యి తనకు తగలకుండా. కోమలవల్లి పొంగలి చేతిలోకి తీసుకుంది. ఇంకొక్క జానెడు చెయ్యి దించితే చాలు, ఆ వేళ్లు తగులుతాయి. దించాలనే అనుకుంది. చెయ్యి సగం దాకా దిగి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ దానంతట అదే విచ్చుకుంది. ప్రసాదం పైనుంచి దోసిట్లో పడింది.

"మీఠా!" అంది ఆఫూన్ తింటూ. "బహుత్ మీఠా."

కోమలవల్లి ఇంటికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. పద్మజ బావిగట్టు మీద నిలబడి, ఉస్మాన్‌గంజ్‌నుంచి వచ్చిందని తెలిసి, "నీళ్లు తోడాల్నా అక్కా?" అని అడిగింది.

"వద్దు" అంది కోమలవల్లి. "ఎవ్వరూ తాకలేదు."